ఎముక విరిగినప్పుడు కట్టా, ఆపరేషనా: నిర్ణయం ఎలా తీసుకోవాలి

ఎముక విరిగిన ఇంట్లో మొదటి రోజే రెండు మాటలు వినబడతాయి. "ఆపరేషన్ దేనికి, కట్టు వేయిస్తే అదే అతుక్కుంటుంది" అని ఒకరంటారు. "ఆలస్యం చేయొద్దు, రాడ్డు వేయించండి, రెండో రోజుకి లేచి తిరుగుతాడు" అని ఇంకొకరంటారు. ఇద్దరూ మంచి కోరే చెబుతారు, తమ ఇంట్లో ఎవరికో జరిగింది చూసి చెబుతారు. కానీ వాళ్ళింట్లో విరిగిన ఎముక వేరు, మీ ఇంట్లో విరిగిన ఎముక వేరు.

నేను గుంటూరు జిల్లాలో ఒక చిన్న పట్టణంలో 18 ఏళ్ళుగా ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. కట్లు వేయను, ఆపరేషన్లు చేయను. ఆ రెండూ అయిపోయాక మనుషులు నా దగ్గరికి వస్తారు. అవసరం లేకుండా కోయించుకున్నవాళ్ళని చూశాను, కోయించుకోవాల్సిన చోట కట్టుతో సరిపెట్టుకుని చెయ్యి పాడుచేసుకున్నవాళ్ళని చూశాను. అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించేది మూడో రకం. కట్టు సరైన నిర్ణయమే, బాగానే వేశారు, కానీ ఆ తర్వాత చేయాల్సింది చేయలేదు. ఆపరేషన్ వద్దన్నారంటే ఇక ఏమీ చేయక్కర్లేదని అనుకున్నారు. కట్టు వైద్యానికీ తేదీలుంటాయి, ఎక్స్‌రేలుంటాయి, రోజూ చేయాల్సిన పని ఉంటుంది. అది చేసే ఓపిక, చూసుకునే మనిషి ఇంట్లో ఉన్నారా అన్నది కూడా నిర్ణయంలో భాగమే.

డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో, ఏ వరసలో ఆలోచించాలో కింద రాస్తున్నాను. ఎక్స్‌రే చూసి చెప్పాల్సింది మాత్రం డాక్టరే.

1. ముందు, ఆగకూడని వాటిని గుర్తుపట్టండి

కట్టా, ఆపరేషనా అని ఇంట్లో చర్చ పెట్టుకునే వ్యవధి కొన్నిటికి లేదు. వాటిని మొదటి గంటలోనే గుర్తుపట్టాలి.

విరిగిన చోట చర్మం తెగి రక్తం వస్తుంటే, ఎంత చిన్న గాయమైనా సరే, ఎముక బయటి గాలి చూసిందనే అనుకోండి. శుభ్రమైన గుడ్డ కప్పి 108కి ఫోన్ చేయండి. పసుపు, కాఫీపొడి, సున్నం ఏవీ పెట్టొద్దు. అక్కడ యాంటీబయోటిక్ ఎంత త్వరగా పడితే అంత మంచిది. ఆసుపత్రిలో గాయాన్ని కడిగి శుభ్రం చేసి తీరాలి.

చెయ్యి లేదా పాదం చల్లబడినా, తెల్లగా పాలిపోయినా, వేళ్ళు కదలకపోయినా, తిమ్మిరెక్కినా అది రక్తనాళానికో నరానికో సంబంధించిన ప్రమాదం. కీలు తొలగి ఆకారం మారిపోతే దాన్ని వెంటనే లోపల కూర్చోబెట్టాలి. నడుం దెబ్బ తగిలిన తర్వాత మూత్రం రాకపోయినా, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్ళాలి.

దారిలో మీరు చేయగలిగింది కొంత ఉంది. వాపు రాకముందే గాజులు, ఉంగరం, వాచీ తీసేయండి. తర్వాత కోయాల్సి వస్తుంది. విరిగిన భాగం కింద మడిచిన న్యూస్‌పేపర్ల కట్టో, చిన్న చెక్కో పెట్టి పైనా కిందా వదులుగా గుడ్డతో కట్టండి. లాగి సరిచేయడం, నూనె పెట్టి మర్దనా చేయడం వద్దు. ఆపరేషన్ పడుతుందేమో అన్న అనుమానం ఉంటే, డాక్టరు చూసేదాకా తినడానికి తాగడానికి ఏమీ పెట్టకండి. "నీరసంగా ఉన్నాడని ఇడ్లీ పెట్టాం" అన్న మాట వల్ల మత్తు ఇవ్వడం ఆరు గంటలు వెనక్కి జరుగుతుంది.

2. ఎక్స్‌రే ముందు పెట్టుకుని ఈ నాలుగు అడగండి

విరిగిన చోట కనీసం రెండు కోణాల్లో ఎక్స్‌రే తీయాలి. ఒక కోణంలో చక్కగా కనిపించిన ఎముక, పక్కనుంచి చూస్తే పూర్తిగా జరిగిపోయి ఉండొచ్చు. ఎక్స్‌రే ఫోటోని మీ ఫోన్‌లోకి కూడా తీసుకోండి. తర్వాత ఇవి అడగండి.

ముక్కలు జరిగాయా, ఉన్నచోటే ఉన్నాయా? ఉన్నచోటే ఉంటే చాలావరకు కట్టు చాలు.

జరిగితే, లాగి సరిచేశాక కట్టులో నిలుస్తాయా? ఇది చాలామంది అడగని ప్రశ్న. కొన్ని ఎముకలు సరిచేయగానే గట్టిగా కూర్చుంటాయి. కొన్ని ఎంత బాగా సరిచేసినా కండరాలు లాగడం వల్ల వారం తిరిగేసరికి మళ్ళీ జరుగుతాయి. పెద్దవాళ్ళలో తొడ ఎముక అలాంటిదే. తొడ కండరాల బలం ముందు ఏ కట్టూ నిలవదు.

కీలు లోపలికి విరిగిందా? కీలు ఉపరితలం నున్నగా ఉండాలి. అక్కడ మెట్టులా ఎగుడుదిగుడు మిగిలితే ఎముక అతుక్కున్నా కీలు అరిగిపోతుంది. మధ్యలో విరిగిన ఎముక కొంచెం వంకరగా అతుక్కున్నా శరీరం సర్దుకుంటుంది, కీలు దగ్గర అంత వెసులుబాటు లేదు.

ఈ మనిషి ఎవరు, ఏ పని చేస్తారు? ఇది వైద్యం కాని ప్రశ్నలా అనిపిస్తుంది, కానీ ముఖ్యమైనది. 75 ఏళ్ళ పెద్దావిడ మణికట్టు కొంచెం వంకరగా అతుక్కున్నా ఇంటి పనులకు అడ్డం రాకపోవచ్చు. అదే వంకర 30 ఏళ్ళ తాపీమేస్త్రీకి రోజూ నొప్పి. ఒకే ఎక్స్‌రేకి ఇద్దరికి రెండు జవాబులు ఉండొచ్చు, రెండూ సరైనవే కావచ్చు.

ఒక చిన్న హెచ్చరిక కూడా. చెయ్యి ఊనుకుని పడ్డాక బొటనవేలి మొదట్లో, ఆ గుంటలో నొప్పిగా ఉండి, ఎక్స్‌రే మాత్రం బాగుందంటే అక్కడితో వదిలేయకండి. మణికట్టులో జీడిపప్పంత ఎముక ఒకటుంది, స్కాఫాయిడ్ అంటారు. అది విరిగితే మొదటి రోజు ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు. కట్టు వేసి 10 నుంచి 14 రోజులకు మళ్ళీ తీస్తారు, లేదా ఎమ్మారై చేస్తారు. బెణికిందనుకుని వదిలేస్తే ఏళ్ళ తర్వాత మణికట్టు అరిగిపోయి వస్తారు.

3. మీ ఎముక ఏ వైపు ఉందో చూసుకోండి

మామూలుగా కట్టుతోనే బాగుపడేవి: భుజం ముందు ఉండే కాలర్ ఎముక విరుపుల్లో ఎక్కువ భాగం, పక్కటెముకలు, కాలివేళ్ళు, జరగని మణికట్టు, పిల్లల ముంజేయి విరుపుల్లో చాలా వరకు. పిల్లల ఎముకకు ఒక వరం ఉంది. ఎదిగే కొద్దీ కొంత వంకరను తనే సరిచేసుకుంటుంది. ఎక్స్‌రేలో వంకర చూసి తల్లిదండ్రులు టెన్షన్ పడతారు గానీ, ఆరేళ్ళ పిల్లవాడి ముంజేయిలో కొద్దిపాటి వంకర రెండేళ్ళలో వెతికినా కనబడదు.

మామూలుగా ఆపరేషన్ పడేవి: పెద్దవాళ్ళలో తొడ ఎముక, ముంజేతిలో రెండు ఎముకలూ విరిగి జరగడం, కాలు చాపి ఎత్తలేని విధంగా విరిగిన మోకాలి చిప్ప, జరిగిపోయిన చీలమండ, కీలు లోపల మెట్టు పడ్డవి, గాయంతో విరిగినవి. పిల్లల్లో మోచేతి పైన విరిగి జరిగితే సన్నని వైర్లు గుచ్చి నిలబెడతారు, మూడు నాలుగు వారాల్లో తీసేస్తారు. పిల్లలకు కట్టు చాలన్న మాట మోచేతి దగ్గర మాత్రం నమ్మకండి.

మధ్యలో ఉన్నవాటి దగ్గరే అసలు చర్చ. పెద్దవాళ్ళు పడినప్పుడు భుజం దగ్గర విరిగే ఎముకనే తీసుకోండి. ఎక్స్‌రేలో భయంకరంగా కనబడుతుంది, ప్లేటు వేయకపోతే చెయ్యి పైకి లేవదనిపిస్తుంది. బ్రిటన్‌లో ఇలా విరిగిన 250 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ఆపరేషన్, ఇంకో గుంపుకు స్లింగ్ (చేతిని మెడకు వేలాడదీసే గుడ్డ), వ్యాయామం ఇచ్చి రెండేళ్ళు గమనించారు. 2015లో ఫలితాలు వచ్చాయి. రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. స్లింగ్‌లో పెట్టిన గుంపుకు కూడా ఫిజియోథెరపీ ఇచ్చారన్న సంగతి మర్చిపోకండి. స్లింగ్ వేసుకుని కూర్చున్నవాళ్ళు కాదు వాళ్ళు.

మడమ వెనక అఖిలిస్ నరం (మనవాళ్ళు నరం అంటారు గానీ అది కండర బంధం) తెగినప్పుడు కూడా ఇదే ప్రశ్న. నార్వేలో 526 మందితో చేసిన పరిశోధన 2022లో వచ్చింది. ఏడాది తిరిగేసరికి నడక, బలం విషయంలో కట్టు, ఆపరేషన్ సమానంగానే ఉన్నాయి. మళ్ళీ తెగడం మాత్రం కట్టు వేసినవాళ్ళలో నూటికి 6.2, ఆపరేషన్ చేసినవాళ్ళలో 0.6. మరోపక్క కోతవల్ల నరాలు దెబ్బతినే ప్రమాదం ఆపరేషన్‌లో ఎక్కువ. కబడ్డీ ఆడే కుర్రాడు ఒకటి ఎంచుకోవచ్చు, షుగర్ ఉన్న 60 ఏళ్ళ మాస్టారు ఇంకొకటి ఎంచుకోవచ్చు. "ఏది మంచిది డాక్టర్" అని అడిగితే జవాబు తేలదు. "నా పనికి, నా ఒంటికి ఏది మంచిది" అని అడగండి.

4. తుంటి ఎముక అయితే ఈ భాగం నిదానంగా చదవండి

పెద్దవాళ్ళు బాత్‌రూమ్‌లో జారిపడి లేవలేకపోతే, ఒక కాలు పొట్టిగా కనబడి పాదం బయటికి తిరిగిపోతే, తుంటి విరిగిందనే అనుకోవాలి. ఇక్కడ ప్రతి ఇంట్లో వినబడే మాట ఒకటే: "ఈ వయసులో ఆపరేషన్ తట్టుకోలేరు." తుంటి విషయంలో ఈ మాట తలకిందులుగా ఉంది. వయసు మళ్ళినవాళ్ళు తట్టుకోలేనిది మంచం.

ఒకసారి పల్లెటూళ్ళో ఒకాయనకి ఇంటి దగ్గరే ఫిజియోథెరపీ చేయమని పిలిపించారు. 84 ఏళ్ళు. మంచం కాళ్ళవైపు ఇటుకలు పెట్టి ఎత్తు చేశారు. ఆయన కాలికి పట్టీ వేసి, తాడు కట్టి, ఆ తాడుకు రెండు ఇటుకలు వేలాడదీశారు. అప్పటికి పదిహేను రోజులు. కోడలు మనిషి బంగారం, వేళకి తిండి పెడుతోంది, ఒళ్ళు తుడుస్తోంది. అయినా పక్కకి తిప్పి చూస్తే నడుం కింద అరచేయంత పుండు. ఊపిరి తీస్తుంటే గొంతులో గరగర. నేను చేయగలిగింది ఏమీ లేదు, ఆసుపత్రికి తీసుకెళ్ళమని బతిమాలాను. నెల తిరగకుండానే పోయారు. ఎముక విరిగి పోలేదాయన, పడుకోబెట్టడం వల్ల పోయారు.

పడుకున్న ముసలి ఒంటికి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది, కాళ్ళలో రక్తం గడ్డకడుతుంది, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తుంది, మనిషి మాట తడబడి అయోమయంలో పడతారు. అందుకే చేర్చిన రోజో, మర్నాడో ఆపరేషన్ చేసేయాలని బ్రిటన్ మార్గదర్శకాలు చెబుతాయి. మన దగ్గర పరీక్షలకు ఇంకొంచెం పట్టినా 48 గంటలు దాటకుండా చూడమని అడగండి. చాలామందికి నడుంకి మత్తు ఇచ్చి చేస్తారు. తొడ ఎముక పై గుండు కిందే ఉండే సన్నని భాగం (దాన్నే ఎముక మెడ అంటారు) విరిగితే తరచుగా ఆ గుండు తీసి కొత్తది పెడతారు, దాని కింద విరిగితే రాడ్డో, ప్లేటూ స్క్రూలో వేస్తారు. ఆపరేషన్ లక్ష్యం మర్నాడే మంచం దిగి వాకర్ పట్టుకుని నిలబెట్టడం.

ప్రమాదం లేదని చెప్పను. గుండె, కిడ్నీ, షుగర్ ఉన్నవాళ్ళకి ప్రమాదం ఉంది. అయితే పోల్చాల్సింది ఆపరేషన్ ప్రమాదాన్ని మంచం ప్రమాదంతో. అసలే మంచాన ఉండి, చివరి రోజుల్లో ఉన్న మనిషి విషయం వేరు. అప్పుడు కూడా నొప్పి తగ్గించడానికి ఏం చేస్తారో డాక్టరుతో విడిగా మాట్లాడండి.

ఇంకొకటి. తుంటి విరిగిందంటే ఎముకలు గుల్లబారాయని అర్థం. ఆపరేషన్ అయ్యాక ఎముకల బలానికి మందులు, కాల్షియం, విటమిన్ డి ఏం వాడాలో అడిగి రాయించుకోకుండా డిశ్చార్జి కావద్దు. మొదటి తుంటి విరిగినవాళ్ళకి రెండోది కూడా విరిగే ప్రమాదం ఉంటుంది.

5. నాటు కట్టు వేయించాలనుకుంటే

మన దగ్గర ఈ విషయం దాటవేస్తే వ్యాసం పూర్తి కాదు. పుత్తూరు కట్టు అన్న బోర్డు లేని పట్టణం తెలుగునాట అరుదు. ఆకుపసరు, కోడిగుడ్డు సొన, వెదురుబద్దలు, గుడ్డ. చాలామందికి బాగైందన్నది అబద్ధం కాదు. ముందు చెప్పినట్టు చాలా ఎముకలు కదలకుండా పట్టి ఉంచితే వాటంతటవే అతుక్కుంటాయి. ఇంగ్లండులో కట్టు వైద్యానికి పునాది వేసినవాళ్ళలో ఒకరైన హ్యూ ఓవెన్ థామస్ కూడా వేల్స్‌లో తరతరాలుగా ఎముకలు కట్టే కుటుంబంలోంచి వచ్చినవాడే. ఆయన తండ్రి డాక్టరు చదువు లేని కట్టువైద్యుడు, కొడుకు డాక్టరయ్యాడు. ఆయన రూపొందించిన తొడ చట్రాన్ని ఆయన పోయాక మేనల్లుడు మొదటి ప్రపంచ యుద్ధంలో వాడించి ఎంతోమంది సైనికుల్ని బతికించాడు.

నాకు భయం పసరు గురించి కాదు. ఎక్స్‌రే చూడకుండా కట్టడం, బిగించి కట్టడం. ఈ రెండే.

తొమ్మిదేళ్ళ పిల్లవాడు జామచెట్టు మీద నుంచి పడ్డాడు. మోచెయ్యి. ఊళ్ళో ఎవరో బద్దలు వేసి బిగించి కట్టారు. రెండు రాత్రులు ఏడ్చాడు. విరిగితే నొప్పి ఉండదా అనుకున్నారు ఇంట్లోవాళ్ళు. వేళ్ళు ఉబ్బి చల్లబడ్డాయి, తర్వాత ఏడుపు తగ్గింది. నొప్పి తగ్గిందని సంతోషించారు. నరాలు చచ్చుబడి స్పర్శ పోవడం వల్ల తగ్గిందది. నా దగ్గరికి వచ్చేసరికి ముంజేయి సన్నబడి, వేళ్ళు గద్దగోళ్ళలా లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి. ఏడాదిన్నర పాటు సాగదీశాం, చట్రాలు వేశాం, తర్వాత సర్జరీ కూడా అయింది. ఇప్పుడు ఎడమచేత్తో రాస్తాడు. ఎముక మాత్రం చక్కగా అతుక్కుంది.

కాబట్టి వెళ్ళాలనే ఉంటే ముందు ఎక్స్‌రే తీయించి ఎముకల డాక్టరుకు చూపించండి. మోచెయ్యి, తుంటి, గాయం ఉన్నవి, కీలు లోపలివి, పిల్లలవి నాటు కట్టుకు తీసుకెళ్ళొద్దు. ఎవరు వేసిన కట్టైనా, ఆసుపత్రిలో వేసిన పిండికట్టైనా సరే, కింది లక్షణాలు కనిపిస్తే అర్ధరాత్రైనా విప్పించాలి: మాత్రలు వేసినా గంట గంటకూ పెరిగే నొప్పి, వేళ్ళను మీరు మెల్లగా వెనక్కి చాపితే కెవ్వుమనేంత బాధ, తిమ్మిరి, వేళ్ళు ఉబ్బి పాలిపోవడం. ఒత్తిడి వల్ల రక్తం అందకపోతే ఆరు గంటలకే కండరం చనిపోవడం మొదలవుతుంది. "పొద్దున్నే వెళదాం" అనుకోవద్దు.

6. కట్టు అని తేలితే, క్యాలెండర్‌లో రాసుకోండి

కట్టు వేసిన రోజు, ఏడో రోజు, పద్నాలుగో రోజు. జరిగి సరిచేసిన ఎముకకి ఏడో రోజు, పద్నాలుగో రోజు ఎక్స్‌రేలు తప్పనిసరి. ముక్కలు మళ్ళీ జరిగితే ఎక్కువగా ఈ రెండు వారాల్లోనే జరుగుతాయి. అప్పుడు కనిపెడితే సరిచేయడం సులువు. ఆరో వారంలో కనిపెడితే వంకరగా అతుక్కున్న దాన్ని విరగ్గొట్టి చేయాలి. వాపు తగ్గాక కట్టు వదులై చెయ్యి లోపల ఆడుతుంటే కూడా వెళ్ళి మార్పించుకోండి.

మొదటి మూడు రోజులు చెయ్యి గుండె కన్నా పైన ఉండాలి. కుర్చీలో కూర్చుంటే దిండ్ల మీద, పడుకుంటే కూడా దిండ్ల మీద. కట్టు తడవకూడదు. దురద పుడితే అల్లిక సూది, స్కేలు, చీపురుపుల్ల లోపలికి దూర్చకండి. లోపల గీరుకుని పుండు పడితే బయటికి కనబడదు. వాసన వచ్చినా, ఒకే చోట మంటగా ఉన్నా విప్పి చూడమని అడగండి.

ఇక రోజువారీ పని. కట్టు బయట ఉన్న ప్రతి కీలూ మొదటి రోజు నుంచే కదలాలి. మణికట్టుకు కట్టు వేస్తే వేళ్ళు పూర్తిగా ముడవాలి, పూర్తిగా చాపాలి, బొటనవేలు చిటికెన వేలిని తాకాలి. మోచెయ్యి, భుజం పైకి ఎత్తాలి. గంటకు పదిసార్లు. టీవీలో ప్రకటనలు వచ్చినప్పుడల్లా చేయమని మా దగ్గర చెబుతాం, అలా అయితే మర్చిపోరు. కాలికి కట్టు ఉంటే వేళ్ళు కదపడం, తొడ కండరం బిగించి ఐదు లెక్కపెట్టి వదలడం.

ఎన్నాళ్ళు అంటే, మణికట్టుకు సుమారు 6 వారాలు, కాలర్ ఎముకకు 6 నుంచి 12, మోకాలి కింది పెద్ద ఎముకకు 3 నుంచి 4 నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. సిగరెట్, బీడీ అతుక్కోవడాన్ని ఆలస్యం చేస్తాయి. ఇది భయపెట్టడానికి చెప్పే మాట కాదు, ఈ మూడు నెలలైనా మానేయండి. షుగర్ అదుపులో పెట్టండి. గుడ్డు, పప్పు, పాలు రోజూ ఉండాలి.

7. ఆపరేషన్ అని తేలితే

సంతకం పెట్టే ముందు ఇవి అడగండి. చేయించుకోకపోతే ఏమవుతుంది? ఎన్నాళ్ళు ఆగొచ్చు? ఎప్పటి నుంచి కాలు మీద బరువు వేయొచ్చు? ఎప్పుడు కదపడం మొదలుపెట్టాలి? గాయం లేని, రక్తప్రసారం బాగున్న విరుపులకు సాధారణంగా కొన్ని రోజుల వ్యవధి ఉంటుంది. రెండో డాక్టరుకు చూపించుకోవడానికి ఆ రోజులు చాలు. తుంటికి, గాయం ఉన్నవాటికి ఆ వ్యవధి లేదు. మొదటి డాక్టరుకు చెప్పే వెళ్ళండి, ఎక్స్‌రేలు అడిగి తీసుకోండి, తప్పేం కాదు.

వాడుతున్న మందులన్నీ చెప్పండి, రక్తం పలుచబడే మాత్రల సంగతి ముఖ్యంగా. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ కింద మీ ఆపరేషన్ వస్తుందో లేదో అడ్మిట్ కాకముందే ఆసుపత్రిలో ఉండే ఆ పథకం డెస్కు దగ్గర కనుక్కోండి. లోపల వేసిన ప్లేటు, రాడ్డు వివరాల స్టిక్కరు కేసు షీటులో ఉంటుంది, దాని కాపీ దాచుకోండి. పదేళ్ళ తర్వాత తీయాల్సి వస్తే ఆ కాగితం ఉంటే సర్జన్ పని సగం సులువవుతుంది. ఎముక అతుక్కున్నాక ప్లేట్లు తీసి తీరాలని ఏమీ లేదు, పెద్దవాళ్ళలో ఇబ్బంది పెట్టకపోతే సాధారణంగా వదిలేస్తారు.

8. ఎముక విరగని నొప్పులకు లెక్క వేరు

డిస్క్ జారి కాలు లాగడం, మోకాలు నొప్పి. వీటిలో తొందర తక్కువ, అందుకే అనవసరపు ఆపరేషన్లకు అవకాశం ఎక్కువ. డిస్క్ విషయంలో నెదర్లాండ్స్‌లో 283 మందితో చేసిన పరిశోధన 2007లో వచ్చింది. వెంటనే ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు త్వరగా తేరుకున్నారు. ఆగినవాళ్ళలో నూటికి 39 మందికి తర్వాత ఆపరేషన్ పడింది, మిగతావాళ్ళకి పడనేలేదు. ఏడాది తిరిగేసరికి రెండు గుంపులూ ఒకేలా ఉన్నాయి. అంటే మూత్రం ఆగిపోవడం, పాదం పైకి లేవకుండా పడిపోవడం లాంటివి లేకపోతే, ఆరు వారాలు నడక, వ్యాయామం, నొప్పి మాత్రలతో ఆగి చూడడం తెలివైన పనే. నొప్పి భరించలేక ముందే చేయించుకుంటే అదీ తప్పు కాదు.

నడి వయసులో మోకాలి లోపలి గుజ్జు చిరిగిందని ఎమ్మారైలో వస్తే వెంటనే దూరబీను ఆపరేషన్‌కు (చిన్న రంధ్రంలోంచి కెమెరా పెట్టి చేసేది) ఒప్పుకోకండి. ఫిన్లాండ్‌లో 146 మందికి చేశారు. కొందరికి నిజంగా, కొందరికి చేసినట్టు నటించి. 2013లో వచ్చిన ఫలితాల్లో ఏడాది తర్వాత ఇద్దరికీ తేడా లేదు. అరుగుదల బాగా ముదిరి, రాత్రి నిద్ర పట్టక, వీధి చివరిదాకా నడవలేని స్థితి వస్తే మాత్రం కీలు మార్పిడి గొప్ప ఆపరేషన్. దాన్ని భయంతో ఏళ్ళ తరబడి వాయిదా వేసి తొడ కండరాలు కరిగిపోయాక రావద్దు. మోకాలి ఇంప్లాంట్ల ధరకు 2017 ఆగస్టులో కేంద్రం పరిమితి పెట్టింది, బిల్లులో ఆ ధర విడిగా చూపించమని అడగండి.

9. కట్టు విప్పిన రోజు

చాలామంది ఆ రోజుతో అయిపోయిందనుకుంటారు. మా వీధి చివర మామ్మగారు అలాగే అనుకున్నారు. మణికట్టు విరిగి ఆరు వారాలు కట్టులో ఉంది. ఎక్స్‌రే చూస్తే చక్కగా అతుక్కుంది. కానీ ఆవిడ ఆ ఆరు వారాలూ చేతిని పాలచెంబులా పొట్టకి ఆనించి పట్టుకుని, పైన కొంగు కప్పుకుని కూర్చున్నారు. "కదిపితే మళ్ళీ విరుగుతుందేమోనని భయం అమ్మాయ్" అన్నారు. వేళ్ళు కర్రల్లా ఉన్నాయి. భుజం కూడా పట్టేసింది, జడ వేసుకోవడానికి చెయ్యి వెనక్కి వెళ్ళదు.

కట్టు విప్పగానే చెయ్యి సన్నగా, పొలుసులు లేచి, వాచి కనిపిస్తుంది. భయపడకండి. గోరువెచ్చని నీళ్ళలో పది నిమిషాలు ముంచి, నీళ్ళలోనే పిడికిలి మూసి తెరవండి. తర్వాత అరచేతులు రెండూ నమస్కారంలా కలిపి మెల్లగా కిందికి దించండి, మణికట్టు సాగుతుంది. ముంజేయి తిప్పడానికి చేతిలో గరిటె పట్టుకుని అటూ ఇటూ తిప్పండి. రోజుకు నాలుగైదు సార్లు. చేసేటప్పుడు సలుపు ఉండొచ్చు, అరగంటలో తగ్గిపోతే పరవాలేదు. మర్నాటికి వాపు పెరిగితే అతి చేశారని అర్థం. చెయ్యి ఎర్రబడి, ముట్టుకుంటేనే మంట పుడుతూ, చెమట పడుతుంటే అది వేరే జబ్బు, వెంటనే చూపించండి. మొరటు మర్దనా, ఎవరో బలవంతంగా వంచడం వద్దు.

మామ్మగారితో మేం గరిటెతో మొదలుపెట్టాం. రెండో వారంలో చపాతీ పిండి ముద్ద ఇచ్చి పిసకమన్నాను. ఐదో వారంలో చిన్న రుమాలు తడిపి పిండించాను, నాలుగు చుక్కలు రాలాయి. మూడో నెలలో ఒక పొద్దున ఆవిడే తడి తువ్వాలు పట్టుకుని క్లినిక్‌కి వచ్చారు. నా ఎదురుగా నిలబడి, నేలంతా తడిసిపోయేలా దాన్ని పిండి చూపించారు.